నేనా మాట అనలేదు

నేను ఒక స్కానింగు ఫిల్మును. నీలిరంగు ఒళ్లు, చేటంత వెడల్పు, కాస్త వంచితే ఫటఫటమని మోగే స్వభావం. నా మీద ఒక ఆడమనిషి కడుపును అడ్డంగా చక్రాలు కోసి పేర్చినట్టు వరసలుగా బొమ్మలుంటాయి. ఇప్పటిదాకా నన్ను చేత పట్టిన ప్రతివాడూ నా నోట్లో ఒక మాట కుక్కాడు. నేనా మాట అనలేదు. ఎక్కడ నిలబెట్టి, ఎవరి మీద ప్రమాణం చేయమన్నా ఇదే చెప్తాను.

నా పుట్టుక తక్కువదేం కాదు. సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో పల్చటి ప్లాస్టిక్ పలకకు వెండి కలిసిన పూత పూసి నన్ను తయారుచేశారు. కంటికి ఆనదు గానీ నా ఒంట్లో వెండి ఉంది, కాబట్టి నాతో కాస్త మర్యాదగా మాట్లాడాలి. వెలుతురు సోకకుండా నల్ల సంచిలో చుట్టి, ఓడ ఎక్కించి, లారీ ఎక్కించి, నిజామాబాదులో ఒక స్కానింగు సెంటరుకు చేర్చారు. పెట్టెలో నా పైనున్నవాడికి ఒక తాగుబోతు పుర్రె దక్కింది. వాడి పైవాడికి ఒక కాంట్రాక్టరు మోకాలు. నా వంతుకు గంగామణి కడుపు వచ్చింది. మిషను లోపలి వేడికి ఒళ్లు కాలి బయటపడేసరికి నా రాత నా ఒంటి మీదే అచ్చయి ఉంది. మనుషుల రాత నుదుటి మీద ఉంటుందంటారు, దాన్ని చదివినవాడు లేడు. నన్ను మాత్రం దారిన పోయే దానయ్య కూడా చదివేశాననే అంటాడు.

గంగామణి ఆర్టీసీలో కండక్టరు. పల్లెలు తిరిగే బస్సు ఆమెది. చీర మీద ఖాకీ చొక్కా, చంకన సంచి, రెండు డోర్లకూ ఒకేసారి వినిపించే గొంతు. ఆడవాళ్ల సీట్లో కూర్చుని నిద్ర నటించే మగవాళ్లను ఆమె పేరు పెట్టి లేపేదట. అలాంటి మనిషికి కొన్నాళ్లుగా కుడి నడుములో సలుపు, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడటం, చొక్కా వదులవటం మొదలైంది. డిపోలో అందరూ ఒకటే మాట అన్నారు. ఆ పల్లె స్టాపుల్లో ఆడవాళ్లు పోయే చోటుండదు, అందుకని ఆమె నీళ్లు తాగదు, వచ్చినదాన్ని ఆపుకుంటుంది, కిడ్నీ పాడవక ఏమవుతుంది అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. అందుకే ఇంకో కారణం ఎవరూ వెతకలేదు.

నాలో ఏముందో నేనే చెప్తాను, వినండి. ఆమె ఎడమ కిడ్నీ పుట్టుకతోనే చిన్నది, ఎండిన చిక్కుడు గింజలా ఉంటుంది. ఇన్నేళ్లూ ఇంటి పనంతా కుడిదే చేసింది. ఆ కుడిదాని నడిమధ్యన నిమ్మకాయంత నల్లటి మచ్చ ఉంది. అంతే. నేను చూపించింది మచ్చ. దానికి పేరు పెట్టింది మనుషులు. స్కానింగు డాక్టరు రిపోర్టులో 'గడ్డ, క్యాన్సర్ కావచ్చు' అని రాశాడు. పాపం ఆయన తప్పు లేదు, ఆ 'కావచ్చు' అనే మాట రాశాడు కదా. అది సెంటరు మెట్లు దిగేలోపే రాలిపోయింది.

గంగామణి భర్త లింబాద్రి పసుపు యార్డులో కాంటా దగ్గర పని చేస్తాడు. మెత్తని మనిషి, భార్య మీద ప్రాణం పెట్టుకున్నవాడు, భయం వస్తే మాత్రం కాలూ చేయీ ఆడనివాడు. ఆయన నన్ను చంకలో పెట్టుకుని ఊరంతా తిప్పాడు. ఆర్‌ఎంపీ డాక్టరు నన్ను ఎండకు ఎత్తి చప్పరించాడు. మందుల దుకాణం ఆయన తలకిందులుగా పట్టుకుని "అయ్యో" అన్నాడు. పక్కింటి సారు లెక్కలు చెప్పే మాస్టరు, ఆయన కూడా కళ్లద్దాలు తుడుచుకుని చూసి లింబాద్రి భుజం తట్టాడు. ఇంతమంది చూశారు గానీ, ఎవరి కడుపో ఆమెకు మాత్రం చూపించలేదు. మనవాళ్ల పద్ధతి అదే కదా. జబ్బు ఒకరిది, దాని సంగతి తెలిసేది ఇంటిల్లిపాదికి. ఆమెతో 'చిన్న గడ్డ, చిన్న ఆపరేషను' అన్నారు.

హైదరాబాదులో పెద్ద సర్జను దగ్గరికి బయలుదేరిన రోజు ఇంకొక చిత్రం జరిగింది. గంగామణికి రెండేళ్లుగా చెవుల కింద, దవడల పక్కన వాపులు వచ్చి పోతుండేవి. చూసినవాళ్లంతా గవదబిళ్లలన్నారు. గవదలకు వైద్యం ఎవరినడిగినా చెప్తారు. పసుపూ సున్నమూ కలిపి పట్టు వేయాలి, మెడ నిండా బంగారం వేసుకోవాలి. ఆమె అత్తగారికి పాతకాలపు బంగారు గుండ్ల పేరు, అంటే దండ, ఒకటుంది. వాపు వచ్చినప్పుడల్లా అది కోడలి మెడలోకి వచ్చేది, వాపు తగ్గాక అత్తగారి పెట్టెలోకి పోయేది. గవదలను పట్టుకుని డాక్టరు దగ్గరికి పోయినవాణ్ని ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆ పొద్దున లింబాద్రి ఆమె మెడ మీది పట్టు కడిగించాడు, గుండ్లు తీయించాడు. పెద్ద డాక్టరు ముందు శుభ్రంగా కనిపించాలి కదా!

సర్జను మంచివాడే. "ఇదివరకు వేరే జబ్బులేమైనా ఉన్నాయా?" అని అడిగాడు కూడా. గంగామణి నోరు తెరిచేలోపే లింబాద్రి అందుకున్నాడు. "ఏం లెవ్వు సార్. మంచిగనే ఉంటది." తరవాత ఆమెను బయట కూర్చోమన్నారు. నేను లోపలే ఉన్నాను కాబట్టి అంతా విన్నాను. గడ్డ నడిమధ్యన ఉంది, ఆ భాగం మేరకే కోస్తే కుదరదు, కిడ్నీ మొత్తం తీయాలి. ఎడమది ఒక్కటే ఆమెను మోయలేదు, బతికినన్నాళ్లూ వారానికి మూడుసార్లు డయాలసిస్ తప్పదు. ఉద్యోగం మాట మరిచిపోవాలి. బొమ్మ ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు సూదితో ముక్క తీసే పరీక్ష మామూలుగా చేయరని కూడా ఆయన చెప్పాడు. ఒరే నాయనా, నా స్పష్టతే నాకు శాపమైంది! ఫిల్ములు చూసే లైటు డబ్బా మీద నిలబడి అరవాలనిపించింది. నేను మచ్చనే చూపించాను, శిక్ష వేయమనలేదు.

ఇంటికి తెచ్చి నన్ను బీరువా మీద, పాత పెళ్లి పత్రికల కింద దాచారు. కానీ దాచింది నన్నే గాని ఊరి ముఖాలను కాదు. ఆ తరవాతి వారంలో ఒకరోజు ఆమె బస్సులో ఒక వింత జరిగిందట. ఆడవాళ్ల సీట్లో కూర్చున్న ఇద్దరు మగవాళ్లు ఆమె అరవకముందే లేచి నిలబడ్డారు. ఎప్పుడూ ఆమెతో తగువుపడే పాలకేంద్రం ముసలాయన "నువ్వు కూసో బిడ్డా" అని తన సీటు చూపించాడు. కండక్టరుకు సీటిచ్చే ప్రయాణికులను ఆమె తన సర్వీసులో చూడలేదు. తనకేదో పెద్దదే వచ్చిందని ఆమెకు అప్పుడర్థమైంది.

ఆదివారం మధ్యాహ్నం లింబాద్రీ, ఆమె తమ్ముడు బాలకిషనూ అన్నం తింటుండగా ఆమె స్టూలు వేసుకుని ఎక్కి నన్ను కిందికి దించింది.

"ఏందయ్యా, నా కడుపు బీరువ మీద ఎందుకున్నది?"

లింబాద్రి చేయి కంచంలోనే ఆగిపోయింది. "అది ఉత్తదే. నీకు సమజ్ కాదు. ఇటియ్యి."

"ఆర్‌ఎంపీకి సమజైంది. మందుల దుకాణపాయనకు సమజైంది. నా కడుపు నాకే సమజ్ కాదా?"

ఆమె నన్ను కిటికీ వెలుతురుకు ఎత్తింది. నా సొంతదారు కళ్లు నా మీద పడటం అదే మొదటిసారి. ఏది ఏమిటో ఆమెకు తెలియలేదు. తిప్పింది, మళ్లీ తిప్పింది. కానీ ఆర్‌ఎంపీకన్నా, మాస్టరుకన్నా, ఆమాటకొస్తే సర్జనుకన్నా ఎక్కువసేపు చూసింది.

"పేరు చెప్పు" అంది.

"గడ్డనే" అన్నాడు లింబాద్రి.

"గడ్డకు పేరుంటది గద. చెప్పు."

లింబాద్రి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. చివరికి బాలకిషనే, "క్యాన్సరంటున్నరక్కా. కిడ్నీ తియ్యాల్నట. తీసినంక డయాలసిస్ ఉంటదట" అన్నాడు.

గంగామణి స్టూలు మీదే కూర్చుండిపోయింది. ఆమె భయపడింది. భయపడని మనిషని చెప్తే అది నా గొప్పకోసం చెప్పినట్టవుతుంది. కాసేపటికి ముక్కు చీదుకుని, గొంతు సవరించుకుంది.

"టికెట్ లేకుంట ఎక్కినోడు దొరికితే వాని మాట గూడ ఇంటా నేను. నా కిడ్నీ తీస్తనంటే ఒప్పుకోని వచ్చినవ్, నన్నొక మాట అడిగినవా?"

"నువ్వు తట్టుకోవనే..."

"తట్టుకుంటనో లేదో నేను చెప్తగద. ఇగ ఏ డాక్టర్ దగ్గరన్న నేనే మాట్లాడ్త. నువ్వు సంచి పట్టుకో."

సర్జను చెప్పిన ప్రకారం, ఆపరేషనుకు ముందే ఇంకొక కిడ్నీ డాక్టరును కలిసి డయాలసిస్ ఏర్పాట్లు మాట్లాడుకోవాలి. ఆ ప్రయాణం నాటికి ఆమె దవడల కింద మళ్లీ వాపు వచ్చింది. అత్తగారు పట్టు వేసింది, గుండ్ల పేరు మెడలో వేసింది. గుమ్మం దగ్గర లింబాద్రి ఆపాడు.

"గది కడుక్కో. గుండ్లు తీసి అమ్మకియ్యి. పెద్ద డాక్టరు ముంగట ఊరోళ్ల లెక్క పోతమా?"

"ఊరోళ్లమే గద. మొన్న నన్ను కడిగి తోలుకపోయినవ్, ఏమైంది? నా కిడ్నీ పాయె. ఇయ్యాల నా ఒంటి మీద ఏదెట్లున్నదో అట్లనే వస్త."

అలా ఆమె మెడ నిండా బంగారంతో, దవడలకు పచ్చటి పట్టుతో, చంకలో నాతో హైదరాబాదు చేరింది. దారిలో అందరూ తేరిపార చూశారు. ఆమె కూడా వాళ్లను అలాగే చూసింది.

ఆ డాక్టరు పేరు నుజ్‌హత్. చిన్న గది, టేబులు మీద సగం తాగిన చాయ్. లింబాద్రి అలవాటు కొద్దీ "మేడం, ఈమెకు..." అని మొదలుపెట్టాడు.

"నువ్వాగు" అంది గంగామణి. సలుపు, జ్వరం, చొక్కా వదులవటం, అన్నీ తనే చెప్పింది. డాక్టరమ్మ వింటూ వింటూ ఆమె మెడ వైపు చూసింది.

"అదేంటమ్మా?"

"గవదలు మేడం."

"ఈ వయసులోనా?"

"రెండేండ్ల సంది ఇంతే. వస్తయి, పోతయి."

"మరి బంగారం ఎందుకు?"

"గవదలకు బంగారమే గద మందు!"

లింబాద్రి సిగ్గుతో నేల చూశాడు. డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీలోంచి లేచి వచ్చి, తడిబట్టతో ఆ పట్టు తనే తుడిచి, దవడల కింద రెండు వైపులా నొక్కి చూసింది. గట్టిగా ఉంది, నొప్పి లేదు. కళ్ల సంగతి అడిగింది. ఇసుక పడ్డట్టు ఎండిపోయి ఉంటాయని గంగామణి చెప్పింది.

"గవదలు ఒకసారి వచ్చి పోతాయమ్మా. రెండేళ్లు ఇలా తిరగవు. ఈ సంగతి సర్జను గారికి చెప్పారా?"

"ఎవరడిగిన్రు? అడిగినా చెప్పనియ్యలేదు."

అప్పుడు డాక్టరమ్మ నన్ను లైటు డబ్బా మీద పెట్టింది. నా అసలు బాధ ఇప్పుడు చెప్తాను. అందరూ ఆ మచ్చ మీదే కళ్లు పాతి పోయారు గానీ, నా కింది వరసలో, ఎడమ మూలన, ఆమె క్లోమం కూడా కొంచెం లావెక్కి ఉంది. మొదటి రోజు నుంచీ దాన్ని చూపిస్తూనే ఉన్నాను. పులి ఉందంటే అందరూ పులినే చూస్తారు, పక్కనున్న పొదనెవడు చూస్తాడు? డాక్టరమ్మ వేలు ఆ మూలకు వచ్చి ఆగింది. "బంగారం చూడకపోతే నేనూ ఇక్కడ చూసేదాన్ని కాదు" అని తనలో తనే అంది.

ఆమె విడమరిచి చెప్పింది. ఇది క్యాన్సరే కావచ్చు. కానీ ఒక అరుదైన వాపు జబ్బు ఉంది, అచ్చం క్యాన్సరు గడ్డలాగే స్కానింగులో కనపడుతుంది. అదైతే దవడల కిందా, క్లోమంలోనూ, కిడ్నీలోనూ ఇలా ఒకేసారి వాపులు రావచ్చు, మందులకు కరగవచ్చు. తేల్చుకోవాలంటే రక్త పరీక్షలతో పాటు కిడ్నీ గడ్డలోంచి సూదితో చిన్న ముక్క తీయాలి.

"సూది గుచ్చితే పాకుతదంటరు మేడం" అన్నాడు లింబాద్రి.

"ప్రమాదం అసలు లేదని చెప్పను. చాలా తక్కువ. కానీ ఇది క్యాన్సర్ కాకపోతే, ఉన్న ఒక్క మంచి కిడ్నీని ఉత్తపుణ్యానికి తీసేసినవాళ్లమవుతాం."

గంగామణి లింబాద్రి వైపు చూడలేదు. "గుచ్చుండ్రి. కాయితం మీద దస్కతు నేనే పెడ్త" అంది.

డాక్టరమ్మ అక్కడికక్కడే సర్జనుకు ఫోను చేసింది. అటువైపు నుంచి చాలాసేపు వాదన నడిచింది, ఆయన గొంతు నాకు కూడా వినిపించింది. చివరికి ఫలితం వచ్చేదాకా ఆగుతానన్నాడు. ఆగడం తెలిసిన డాక్టరును తప్పుపట్టను నేను.

సూది పరీక్ష అయింది. ఫలితం కోసం ఎదురుచూసిన రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందే గాని ఎవరూ రుచి చూసి తిన్నట్టు లేదు. రాత్రుళ్లు గంగామణి నన్ను దిండు పక్కనే పెట్టుకునేది. క్యాన్సరే అని తేలితే సూది మాట తనే నెత్తికెత్తుకున్నట్టవుతుంది, ఇంటాయన జీవితాంతం 'నేను చెప్పలే?' అనడు గాని ఆయన ముఖం అంటుంది. ఆమె అదంతా లోపలే పడింది.

మళ్లీ హైదరాబాదుకు పిలిచారు. వరండాలో బెంచీ మీద ఆమె ఒళ్లో ఉన్నాను నేను. డాక్టరమ్మ లోపలికి పిలవకుండా తనే బయటకు వచ్చింది.

"క్యాన్సర్ లేదమ్మా."

లింబాద్రి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. గంగామణి మాత్రం, "మరి కిడ్నీ?" అంది.

"మీదే. మీ దగ్గరే ఉంటుంది."

ఒంటికి కాపలా కాయవలసిన కణాలే దారి తప్పి సొంత ఇంటి మీద పడ్డాయని, అందువల్లే ఈ వాపులని డాక్టరమ్మ చెప్పింది. విన్నారా? ఇప్పుడైనా విన్నారా? ఆర్‌ఎంపీ గారూ, మాస్టరుగారూ, ఒకసారి ఇటు రండి. నేనెప్పుడైనా ఆ మాట అన్నానా?

అంతటితో సుఖాంతమని అనుకోకండి. ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలకు గంగామణి ముఖం పూర్ణంబూరెలా ఉబ్బింది, ఆకలి రెట్టింపైంది, షుగరు పెరిగింది. జబ్బు మళ్లీ రావచ్చు, ఏళ్ల తరబడి పరీక్షలు చేయించుకోవాలి. "వస్తే మళ్ల సూద్దాం, అప్పుడు గూడ నేనే మాట్లాడ్త" అంది ఆమె. దవడల వాపులు కరిగిపోయాయి. నెలల తరవాత ఇంకో స్కానింగు తీశారు. ఆ కొత్త ఫిల్ములో మచ్చ పోయి చిన్న గీత మిగిలింది. అత్తగారు ఆ కొత్తదానికి పసుపు కుంకుమలు పెట్టి దేవుడి పటం పక్కన నిలబెట్టింది. శుభవార్త చెప్పినవాళ్లకే పూజలు. నాకు మండిందా అంటే మండింది.

డాక్టర్ నుజ్‌హత్ ఒక మెడికల్ కాలేజీలో పాఠం కూడా చెప్తుంది. పిల్లలకు చూపించడానికి నన్ను ఇమ్మని అడిగింది. గంగామణి ఒప్పుకోలేదు. "ఫిల్మొక్కటే పోతే మళ్ల గదే మాటంటరు మేడం. నేను గూడ వస్త" అంది.

ఆ రోజు ఆమె పొద్దుటి డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చింది. క్లాసులో వెనక బెంచీ మీద ఒక మూల కూర్చుంది. నన్ను గోడ మీది లైటు డబ్బాకు తగిలించారు. తెల్లకోట్ల పిల్లలు ముందుకు వచ్చి, మెడలు చాచి నన్ను చదివారు. చురుకైనవాళ్లు, తడుముకోలేదు.

"కుడి కిడ్నీలో ట్యూమర్, మేడం."

"క్యాన్సరే."

"ఏం చేద్దాం?" అని అడిగింది డాక్టరమ్మ.

"మొత్తం తీసేయాలి." ఇంకొకడు, "ఎడమది చిన్నది, డయాలసిస్ పెట్టాలి" అని కూడా చేర్చాడు. క్లాసంతా తలూపింది. కొత్త గొంతులతో అదే పాత తీర్పు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంకేమైనా తెలుసుకోవాలా?" అంది డాక్టరమ్మ. పిల్లలు మళ్లీ నా మచ్చ వైపే చూశారు.

అప్పుడు వెనక నుంచి రెండు డోర్ల బస్సును మోగించే ఆ గొంతు లేచింది.

"ఆ కిడ్నీ గలామెను ఎవరన్న ఏమన్న అడిగిన్రా?"

అందరూ వెనక్కి తిరిగారు. ఒక కుర్రాడు తెల్లబోయి, "ఎవరమ్మా మీరు?" అన్నాడు.

"మీరు ఇప్పుడే తీసేసిన కిడ్నీ నాదే." గంగామణి కుడి నడుము మీద చేయి వేసుకుని నిలబడింది. "ఈడనే ఉన్నది. పొద్దుగాల ఇద్దరం కలిసే డ్యూటీ చేసొచ్చినం. రాండ్రి, ఇటు రాండ్రి. ఏమడుగుతరో అడుగుండ్రి."

బెంచీలు కిర్రుమన్నాయి. ఒక్కొక్కరే ఆమె చుట్టూ చేరారు. ఒకమ్మాయి ఆమె పక్కన కూర్చుని మెల్లగా, "అమ్మా, మొదట మీకు ఏమయింది?" అని అడిగింది. గంగామణి కొంగు సర్దుకుని చెప్పటం మొదలుపెట్టింది.

గోడ మీద నేను వెలుగుతూనే ఉన్నాను. నా వైపు ఒక్క ముఖం లేదు, అన్నీ వీపులే. నేను పుట్టినప్పటి నుంచీ నాకు అంత గౌరవం ఎవరూ చేయలేదు.